అంటు పట్టేదాకా

2012 సెప్టెంబరు 29. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో లక్షకు కాస్త తక్కువగా జనం. మనకు ఆ మైదానం క్రికెట్ వల్ల పరిచయం. విశాఖ కుర్రాడు నితీశ్‌కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో టెస్టు సెంచరీ కొట్టింది అక్కడే. మెల్‌బోర్న్ వాళ్లకు మాత్రం అది ఏడాదిలో సగం రోజులు ఫుట్‌బాల్ మైదానం. ఆ ఫుట్‌బాల్ ప్రపంచమంతా ఆడేది కాదు, వాళ్ల సొంతది. ముద్దుగా ఫుటీ అంటారు. ఆ రోజు దాని ఫైనల్ జరుగుతోంది. ఆట ముగుస్తుందనగా సిడ్నీ స్వాన్స్ ఆటగాడు నిక్ మాల్చెస్కీ ఎడమ కాలితో తిప్పి కొట్టిన బంతి గోలు స్తంభాల మధ్య నుంచి దూసుకుపోయింది. సిడ్నీ 91, హాథార్న్ 81.

మాల్చెస్కీ మోకాల్లో లిగమెంటు అంతకుముందే తెగింది. దాని స్థానంలో పాలిస్టర్ దారాలతో పేనిన తాడు వేయించుకుని తిరిగొచ్చాడు. అదే జట్టులో, అదే రక్షణ వరుసలో ఆలెక్స్ జాన్సన్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడున్నాడు. ఆర్నెల్లు తిరక్కుండా, 2013 సీజను ఇంకా మొదలవకముందే, అతని ఎడమ మోకాల్లోనూ అదే లిగమెంటు తెగింది. ఫైనల్ తర్వాత మరో పెద్ద మ్యాచ్ ఆడడానికి అతనికి దాదాపు ఆరేళ్లు పట్టింది. ఒక జట్టు, ఒక లిగమెంటు, రెండు రకాల కథలు. ఈ తేడాకు అదృష్టం కొంత కారణం. మిగతాది తెలియాలంటే మోకాలి లోపలికి వెళ్లాలి.

తొడ ఎముక కింది కొస రెండు గుండ్రటి బుడిపెల్లా ఉంటుంది. దాని కిందున్న కాలి ఎముక పైభాగం దాదాపు చదునుగా ఉంటుంది. పళ్లెం మీద రెండు నిమ్మకాయలు నిలబెట్టినట్టే ఈ అమరిక. తుంటి కీలులో బంతి గిన్నెలో కూర్చుంటుంది, మోకాలికి అలాంటి గిన్నె లేదు. ఎముకల ఆకారం ఆపలేని దాన్ని తాళ్లు ఆపాలి. ఎముకను ఎముకతో కట్టే ఆ తాళ్లే లిగమెంట్లు. కీలు నడిమధ్యలో రెండు లిగమెంట్లు ఒకదానికొకటి అడ్డంగా, కత్తెర వేసినట్టు ఉంటాయి. వాటిలో ముందుదాన్ని డాక్టర్లు ఏసీఎల్ అంటారు, వెనకదాన్ని పీసీఎల్ అంటారు. ఏసీఎల్ పొడవు మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూగా, వెడల్పు మన చిటికెన వేలంత. గుంజకు కట్టిన దూడ ముందుకు లాగినప్పుడు పలుపు ఎలా బిగుసుకుంటుందో, కాలి ఎముక ముందుకు జారబోతే ఏసీఎల్ అలా బిగుసుకుని ఆపుతుంది. మెలి తిరగనివ్వదు కూడా. కుర్రవాడి ఏసీఎల్ తెగాలంటే 2,000 న్యూటన్లకు పైగా బలం కావాలని ప్రయోగశాలలో లాగి చూసిన వాళ్లు లెక్క కట్టారు. రెండు బియ్యం బస్తాలు వేలాడదీసినా తెగదన్నమాట.

అంత గట్టి తాడు ఫుటీలో ఎలా తెగుతోంది? అందరికీ ముందు తోచేది ఆటగాళ్లు గుద్దుకోవడం. గుద్దుకోవడానికి అక్కడ కొదవేం లేదు. కోడిగుడ్డు ఆకారపు మైదానంలో ఒక్కో జట్టుకు పద్దెనిమిది మంది. ఆఫ్‌సైడ్ నిబంధన లేదు కనక ప్రత్యర్థి ఏ దిక్కు నుంచైనా వచ్చి పడొచ్చు. గాల్లోకి తన్నిన బంతిని పట్టుకోవడానికి పక్కవాడి భుజం మీద మోకాలు పెట్టి ఎగరడం అక్కడ తప్పు కాదు, అది చూడ్డానికే జనం వస్తారు. అయినా ఈ ఆటలో ఏసీఎల్ తెగిన 34 సందర్భాల వీడియోలను పరిశోధకులు ముందుకూ వెనక్కూ తిప్పి చూస్తే, సగానికి పైగా సంఘటనల్లో మోకాలిని ఎవరూ తాకనే లేదు. ఆటగాడు పరుగులో ఉండి ఉన్నట్టుండి పక్కకు మళ్లాడు. లేదా ఎగిరి ఒంటికాలి మీద దిగాడు. అంతే.

పాదం నేలకు తగిలిన తర్వాత దాదాపు 40 మిల్లీసెకన్లలో లిగమెంటు తెగిపోతుంది. మనం రెప్ప వేసేంతలో ఇలాంటివి రెండు మూడు జరగొచ్చు. మోకాలు పక్కకు ఒరుగుతోందన్న కబురు నరాల గుండా పైకి వెళ్లి, కండరాలు బిగుసుకోవాలన్న ఆజ్ఞ తిరిగొచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది. కాబట్టి కాపాడేదేదైనా పాదం నేలను తాకకముందే సిద్ధంగా ఉండాలి: కండరాలు ముందే బిగిసి ఉండాలి, మోకాలు కాస్త వంగి ఉండాలి, నడుము పైభాగం ఒక పక్కకు వాలకూడదు. కళ్లు గాల్లో బంతి మీద ఉన్నవాడికి ఇవన్నీ గుర్తుండవు. ఒంటికి అలవాటుగా రావాలి.

తెగగానే చాలామందికి లోపల 'టప్' మని శబ్దం వినిపిస్తుంది. విచిత్రంగా, కొందరు లేచి నడుస్తారు కూడా. బెంచీ మీద పడుకోబెట్టి టీం డాక్టరు చేసే పరీక్ష చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. మోకాలిని ఇరవై ముప్పై డిగ్రీలు వంచుతాడు. ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో పిక్క వెనక నుంచి కాలిని తన వైపు లాగుతాడు. మంచి మోకాల్లో ఎముక కొద్దిగా కదిలి ఠక్కున ఆగుతుంది, పలుపు బిగిసినట్టు. తెగిన మోకాల్లో ఆ ఆగడం ఉండదు. ఎముక మెత్తగా ముందుకు వచ్చేస్తుంది. ఆ పరీక్ష పేరు లాక్‌మన్. ఆలస్యం చేస్తే కీలు రక్తంతో వాచి, కండరాలు నొప్పికి బిగుసుకుపోయి, ఏమీ తెలియకుండా పోతుంది. అందుకే డాక్టర్లు మొదటి నిమిషాల్లోనే చేస్తారు. మరుసటి రోజు తీసే ఎంఆర్ఐ చాలాసార్లు ఆ చేతులకు అప్పటికే తెలిసినదాన్నే చెబుతుంది. టీవీ కెమెరాలకూ ఈ సంగతి బాగా తెలుసు. అవి మోకాలిని చూపించవు, డాక్టరు ముఖాన్ని చూపిస్తాయి.

ఒకప్పుడు ఆ ముఖం చూశాక ఇంక చేసేదేమీ ఉండేది కాదు. 1949లో ఎసెండన్ జట్టులోకి వచ్చిన జాన్ కోల్మన్ తొలి మ్యాచ్‌లోనే 12 గోల్స్ కొట్టాడు. 1954లో ఒక మ్యాచ్‌లో 14 గోల్స్ కొట్టాడు, ఆ తర్వాతి మ్యాచ్‌లో పడితే మోకాలి కీలు తప్పింది. అప్పటికి 98 మ్యాచ్‌లు, 537 గోల్స్, పాతికేళ్ల వయసు. మళ్లీ ఆడలేదు. తర్వాత కోచ్‌గా ఎసెండన్‌కు రెండు టైటిళ్లు తెచ్చిపెట్టాడు, నలభై నాలుగేళ్లకే పోయాడు. ఇప్పుడు లీగ్ దశలో ఎక్కువ గోల్స్ కొట్టినవాడికి ఏటా ఇచ్చే పతకం అతని పేరు మీదే ఉంది.

పీటర్ హడ్సన్‌ది ఇంకా విడ్డూరమైన కథ. హాథార్న్ తరఫున 1971లో 150 గోల్స్ కొట్టి పాత రికార్డుతో సమానమయ్యాడు. 1972 తొలి మ్యాచ్‌లో సగం ఆట ముగియకముందే ఎనిమిది కొట్టేశాడు, అంతలోనే మోకాలు పాడైంది. ఆ సీజను అక్కడితో సరి. 1973లోనూ మోకాలు సహకరించక సొంత రాష్ట్రం తాస్మానియాలోనే ఉన్నాడు. సీజను చివర్లో అతన్ని పిలిపించి, హెలికాప్టర్‌లో నేరుగా మైదానానికి తెచ్చి దింపారు. ఆ రోజు కూడా ఎనిమిది గోల్స్. జనం ఈ కథను హెలికాప్టర్ కోసం చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో ఆ కాలపు నిస్సహాయత కనిపిస్తుంది. మోకాలు కుదురుకుందో లేదో చెప్పే పరీక్ష లేదు, కొలత లేదు. ఆడించి చూడడమే పరీక్ష. హడ్సన్ నెగ్గాడు, 1977లో మళ్లీ 110 గోల్స్ కొట్టాడు. నెగ్గని వాళ్ల కోసం ఎవరూ హెలికాప్టర్ పంపలేదు.

ఇప్పటి ఆపరేషన్ తెగిన లిగమెంటును కుట్టదు. తెగిన కొసలు తడిసిన కొబ్బరి పీచులా ఉంటాయి, కీలులోని ద్రవంలో గడ్డకట్టిన రక్తం నిలవక చాలా మందిలో అవి అతుక్కోవు. అందుకే కొత్త తాడు వేస్తారు. ఆ తాడు ఎక్కువగా ఆటగాడి ఒంట్లోదే. మోకాలి కింద లోపలి వైపు రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెట్టి, తొడ వెనక కండరాల నుంచి వచ్చే సన్నటి టెండన్లు ఒకటో రెండో బయటికి లాగుతారు. కండరాన్ని ఎముకకు కలిపే తెల్లటి పట్టీ టెండన్. బల్ల మీద పరిచి, అంటుకున్న కండ గీకేసి, మడతలు వేసి, కొసలు దారంతో కుట్టేసరికి ఎనిమిది మిల్లీమీటర్ల లావు తాడు తయారవుతుంది. తొడ ఎముకలోనూ కాలి ఎముకలోనూ సొరంగాలు తొలిచి, పాత లిగమెంటు ఉన్న దారిలోనే దాన్ని దూర్చి బిగిస్తారు. కొందరు సర్జన్లు మోకాటి చిప్ప కింది టెండన్ మధ్య ముక్కను రెండు కొసలా ఎముక పలుకులతో సహా తీసి వాడతారు. ఫుటీలో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేవి తొడ వెనక కండరాలే. ఉన్న ఇబ్బంది చాలక అక్కడి నుంచే టెండన్ తీయడమేమిటన్నది వాళ్ల వాదన. తీసేసిన ఆ టెండన్ చాలామందిలో కొన్ని నెలలకు తనంతట తాను మళ్లీ పెరుగుతుంది, బల్లి తోకలా. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు.

గంటన్నరలో ఆపరేషన్ అయిపోతుంది. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. దీనికి మన భాషలో సరైన మాట ఉంది: అంటు కట్టడం. కడియం నర్సరీలో మామిడి అంటు కట్టేవాడిని అడగండి. కట్టు కట్టిన రోజున అంటు బాగానే నిలబడి ఉంటుంది, కానీ అది ఇంకా చెట్టులో భాగం కాలేదు. సారం ఎక్కాలి, చిగురు రావాలి. తొలి రెండేళ్లు పూత వస్తే తుంచేస్తారు, కాయ బరువుకు తట్టుకోలేదని. మోకాల్లో పెట్టిన టెండన్ సంగతీ అంతే. తీసిన క్షణంలో దాని రక్తనాళాలన్నీ తెగిపోయాయి. లోపలి కణాలు చచ్చిపోతాయి. చుట్టూ ఉన్న కీలు పొర నుంచి కొత్త రక్తనాళాలు పాకాలి, కొత్త కణాలు చేరాలి, అవి పాత నార తీసేసి కొత్త నార అల్లాలి. ఇల్లు ఖాళీ చేయకుండానే గోడలు మార్చుకోవడం లాంటి పని ఇది. అందువల్ల ఒక విడ్డూరం జరుగుతుంది. ఆపరేషన్ రోజున ఉన్న గట్టిదనం ఆ తర్వాత తగ్గుతుంది. రెండో మూడో నెలకు అంటు అత్యంత బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే నొప్పి పోయి, వాపు తగ్గి, ఆటగాడికి అంతా బాగైపోయినట్టు అనిపిస్తుంది. ఫిజియోలు అన్నిటికంటే భయపడే రోజులు అవే.

మొదటి వారాల్లో చేయించే పని చూస్తే నవ్వొస్తుంది. పడుకుని తొడ ముందు కండరాన్ని బిగించడం, మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి మోకాలిని పూర్తిగా చాచడం. నిరుడు పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తి మ్యాచ్ ఆడినవాడు ఇప్పుడు కాలును బల్ల మీద నుంచి అంగుళం ఎత్తలేక చెమటలు కక్కుతాడు. కీలు వాస్తే చాలు, మెదడు ఆ కండరానికి ఆజ్ఞలు తగ్గించేస్తుంది. కొన్ని వారాల్లోనే తొడ చిక్కిపోతుంది. దాన్ని మళ్లీ నింపడానికి నెలలు పడుతుంది. మూడో నాలుగో నెలలో సూటిగా పరుగు, తర్వాత ఎగిరి దిగడం, తర్వాత పక్కకు మళ్లడం. చివరికి, ఎవరో నెడుతుండగా, బంతి మీద కళ్లుండగా అవన్నీ కలిపి చేయడం.

ఎన్నాళ్లు ఆగాలి? నార్వే పరిశోధకులు 2016లో ఇచ్చిన జవాబు అందరినీ కుదిపింది. తొమ్మిది నెలల వరకూ, ఆటలోకి దిగడాన్ని ఒక్కో నెల వాయిదా వేస్తే మళ్లీ గాయమయ్యే ప్రమాదం దాదాపు సగానికి సగం తగ్గుతోంది. ఫుటీలో చాలామంది ఏడాది ఆగుతారు. కానీ క్యాలెండరు సంగతి కూడా చెప్పాలి. ఫుటీ లీగ్ మార్చిలో మొదలై సెప్టెంబరులో ముగుస్తుంది. ఏప్రిల్లో తెగితే వచ్చే మార్చికి నిదానంగా తయారుకావచ్చు. ఆగస్టులో తెగితే? తర్వాతి సీజను చివరి వారాలు కళ్ల ముందు ఊరిస్తాయి, ఆ పైన ఫైనల్స్. అంటుకు ఫైనల్స్ తేదీలు తెలియవు.

1999 నుంచి 2013 దాకా ఆ లీగ్‌లో తొలిసారి ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను లెక్కపెట్టిన అధ్యయనంలో మూడొంతుల మందికి పైగా మళ్లీ పెద్ద మ్యాచ్ ఆడారని తేలింది. మామూలు జనంతో పోలిస్తే అది చాలా గొప్ప సంఖ్య. వాళ్లకు వైద్యులున్నారు, జీతం ఉంది, రోజంతా వ్యాయామమే ఉద్యోగం. అదే అధ్యయనంలో దాదాపు 30 శాతం మందికి ఏసీఎల్ మళ్లీ తెగింది. కొందరికి అదే మోకాలు, కొందరికి రెండోది. పత్రికలు మొదటి సంఖ్యను ఇష్టంగా రాస్తాయి. డాక్టరు దగ్గర కూర్చున్న ఇరవయ్యేళ్ల కుర్రాడికి నేనైతే రెండోది ముందు చెబుతాను.

మాల్చెస్కీ పాలిస్టర్ తాడు ఈ కాలాన్ని మోసం చేసే ప్రయత్నం. లార్స్ అనే ఆ ఫ్రెంచి తయారీకి అంటు పట్టే దాకా ఆగనక్కర్లేదు, బిగించిన రోజునే పూర్తి బలం. 2008లో అతను మూడు నెలలకు అటూ ఇటూగా తిరిగి ఆడేసరికి ఆస్ట్రేలియా అంతా ఉలిక్కిపడింది. ఊళ్లలో ఆడే కుర్రాళ్లు కూడా సర్జన్లను అదే అడగడం మొదలుపెట్టారు. 1980లలో వానకోట్లు కుట్టే గోర్‌టెక్స్‌తోనూ లిగమెంట్లు చేసి, చేతులు కాల్చుకున్న చరిత్ర వైద్యులకు తెలుసు. ఈసారీ దాదాపు అదే జరిగింది. సజీవమైన లిగమెంటు రోజూ అరుగుతూ రోజూ మరమ్మతు చేసుకుంటుంది. దారాల తాడు అరగడమే గానీ మరమ్మతు ఎరగదు. ఎముక సొరంగం అంచు దగ్గర లక్షల సార్లు వంగి వంగి పోగులు విడిపోతాయి, ఆ పొడి కీలును వాపెక్కిస్తుంది. కొందరికి బాగా పనిచేసింది, మాల్చెస్కీకి టైటిల్ గోల్ కొట్టేంత బాగా. ఎక్కువమంది సర్జన్లు మళ్లీ ఒంట్లోని టెండన్‌కే వచ్చారు.

తెగాక బాగుచేయడం కంటే తెగకుండా చూడడం గురించి ఈ ఆట కొన్ని మంచి పనులు చేసింది. లీగ్‌లో గాయాల లెక్కను 1992 నుంచి ఏటా రాసిపెడుతున్నారు. డాక్టర్ జాన్ ఆర్చర్డ్ ఆ లెక్కలతో కూర్చుని, వాతావరణ శాఖ రికార్డులను పక్కన పెట్టి చూశాడు. వాన తక్కువై, నేల ఎండిన చోట ఏసీఎల్ గాయాలు ఎక్కువ. చల్లటి మెల్‌బోర్న్‌లో కంటే ఉత్తరాన వెచ్చటి నగరాల్లో ఎక్కువ. నేల గట్టిదనం ఒక్కటే కారణం కాదని అతని అనుమానం గడ్డి మీదికి మళ్లింది. మెల్‌బోర్న్ వైపు రై గడ్డి, కుదుళ్లుగా పెరుగుతుంది. వెచ్చటి ప్రాంతాల్లో వాళ్లు కూచ్ అని పిలిచే గడ్డి. ఆ కూచ్ మరేదో కాదు, వినాయక చవితికి మనం కోసుకొచ్చే గరికే. గరిక ఎలా పాకుతుందో మనకు చెప్పనక్కర్లేదు. తీగలు ఒకదాని మీద ఒకటి అల్లుకుని నేల మీద చాపలా మందంగా పేరుకుంటాయి. బూటు కింది మేకులు ఆ చాపలో దిగి ఇరుక్కుంటాయి. ఒళ్లు తిరుగుతుంది, పాదం తిరగదు, మధ్యలో మోకాలు నలుగుతుంది. పట్టు దొరికితే వేగం, పట్టు ఎక్కువైతే ప్రమాదం. ఇది వైద్యుడి కంటే ముందు తోటమాలికి అర్థమయ్యే విషయం.

ఇంకోటి వెనక లిగమెంటు, పీసీఎల్, కథ. అంపైర్ బంతిని మైదానం మధ్యలో నేలకు కొట్టి పైకి లేపగా, రెండు జట్ల పొడగరులు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి ఎగిరి గుద్దుకునేవాళ్లు. ఒకరి మోకాలు ఇంకొకరి కాలికి తగిలి పీసీఎల్ తెగేది. 2005లో పది మీటర్ల వలయం గీసి, పరుగు అందులో నుంచే మొదలుపెట్టాలన్నారు. పీసీఎల్ గాయాలు గణనీయంగా తగ్గాయి. ఒక డబ్బా సున్నం చేసిన పని అది.

2019 మార్చి 31న అడిలైడ్ ఓవల్‌లో మహిళల లీగ్ ఫైనల్‌కు 53 వేల మంది వచ్చారు. మూడో క్వార్టర్లో అడిలైడ్ కో-కెప్టెన్ ఎరిన్ ఫిలిప్స్ మోకాలు పట్టుకుని పడిపోయింది. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే స్టేడియమంతా లేచి నిలబడింది. ఆ మ్యాచ్‌లో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. మహిళల లీగ్‌లో ఏసీఎల్ గాయాలు మగవాళ్ల లీగ్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. వెంటనే తుంటి వెడల్పు, హార్మోన్లు అంటూ మొదలుపెడతారు. వాటి పాత్ర కొంత ఉండొచ్చు. కానీ ఎరిన్ కథే చూడండి. తండ్రి పేరున్న ఫుటీ ఆటగాడు, ఆమె పదమూడేళ్ల దాకా మగపిల్లలతో ఆడింది. ఆ తర్వాత ఆడపిల్లలకు జట్టే లేదు. బాస్కెట్‌బాల్‌కు వెళ్లిపోయింది. 2017లో మహిళల లీగ్ పుట్టాక, ముప్పై దాటిన వయసులో, తిరిగొచ్చింది. పాదం నేలను తాకకముందే సిద్ధంగా ఉండాలన్న అలవాటు పదమూడు నుంచి ఇరవై దాకా వేల సార్లు ఎగిరి దిగితే వస్తుంది. ఆ ఏళ్లు చాలామంది అమ్మాయిలకు దక్కలేదు. అది మోకాలి లోపమంటే నేనొప్పుకోను. ఎగరడం, దిగడం, పడడం నేర్పే ప్రత్యేక వార్మప్‌లను వాళ్లకోసం ఇప్పుడు తయారుచేశారు.

మనసు సంగతి చాలాకాలం ఎవరూ కొలవలేదు. 2008లో మెల్‌బోర్న్ పరిశోధకులు కేట్ వెబ్‌స్టర్, జూలియన్ ఫెల్లర్ బృందం పన్నెండు ప్రశ్నల కాగితం ఒకటి తయారుచేసింది. భయం ఉందా, మోకాలు నిలుస్తుందన్న నమ్మకం ఉందా, దాన్ని తలచుకోకుండా ఆడగలవా, ఇలాంటివి. ఆ జవాబులకూ, తిరిగి ఆడగలగడానికీ గట్టి సంబంధం ఉందని తేలింది. మరోవైపు సిడ్నీలో క్రాస్ కుటుంబపు వైద్యులు ఆపరేషనే లేకుండా, మోకాలిని నాలుగు వారాలు తొంభై డిగ్రీల మీద బిగించి ఉంచి, తెగిన కొసలను దగ్గర చేసి చూశారు. 2023లో ప్రకటించిన 80 మందిలో మూడు నెలలకు తీసిన ఎంఆర్ఐలలో 90 శాతం మందికి అతుక్కున్న ఆనవాళ్లు కనిపించాయి. ఆ అతుకు ఫుటీ ఆటను ఏళ్ల తరబడి మోస్తుందా అన్నది వేరే పరీక్ష.

జాన్సన్ ఎడమ మోకాలికి అంటు ఒకటి కాదు, అయిదు సార్లు కట్టాల్సి వచ్చింది. ప్రతిసారీ తువ్వాలు చుట్ట నుంచి మొదలు. ప్రతిసారీ పాత సొరంగాల పక్కన మంచి ఎముక వెతుక్కోవాలి, వాడని టెండన్ ఎక్కడుందో చూసుకోవాలి. సిడ్నీ క్లబ్ అతన్ని వదులుకోలేదు. 2018 ఆగస్టు మొదటి వారాంతంలో కాలింగ్‌వుడ్ జట్టు మీద అతను మైదానంలోకి దిగాడు. బంతి అతని చేతికి వచ్చినప్పుడల్లా జనం కేకలు పెట్టారు. ఎడమ మోకాలు నిలిచింది.

మరుసటి వారం మ్యాచ్ మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండులో, ఆరేళ్ల కిందట ఫైనల్ గెలిచిన చోటే. ఆ రోజూ ఎడమ మోకాలికి ఏమీ కాలేదు. తెగింది కుడిది.